తొంభై దాకా తిరిగే రీలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది అయిదుగురు. పెరటి బాత్‌రూంలో చెంబు చప్పుడు చేస్తూ తాతయ్య, అద్దం ముందు మూడోసారి తల దువ్వుకుంటూ నాన్న, కిటికీ కింద కుట్టుమిషన్ మీద వంగి అమ్మ, వీధి గుమ్మంలో గాలం కర్రల్ని తుడుస్తున్నట్టు నటిస్తూ బాబాయి, వంటింటి పక్క చిన్న గదిలో నేల మీద పాత పేపరు పరుచుకుని, దాని మీద తాతయ్య గాలం రీలు పెట్టుకుని ఆ ఇంటి పిల్ల, తను. ఆరోవాడు నాన్న పనిచేసే వర్క్‌షాపు ఫోర్‌మన్. ఆయన ఆ ఇంటి గడప ఎప్పుడూ తొక్కలేదు, ఇల్లెక్కడో కూడా ఆయనకి తెలియదు, అయినా పొద్దుట లేచిన దగ్గర్నుంచి ప్రతి గదిలోనూ ఆయనే తిరుగుతున్నాడు. ఇస్త్రీ చొక్కా ఆయన కోసమే. నాన్న అద్దంలో చూసి ప్రాక్టీసు చేస్తున్న ఆ నవ్వూ ఆయన కోసమే. ఏడింటికి వర్క్‌షాపు వ్యాను వస్తుంది, అందరినీ ఏటి ఒడ్డుకి తీసుకుపోతుంది, ఎనిమిదింటికి గాలాల పోటీ మొదలవుతుంది. ఇప్పుడు ఆరు. ఈ గంటలో రీలు సిద్ధం కావాలి. రీలు సిద్ధం చెయ్యడానికి మాత్రం తను కావాలి, పట్టుకోవడానికి బాబాయి.

నాణెం అంచుతో నడిమధ్య మర తిప్పింది. మూడు చుట్లకి ఊడి వచ్చింది. డ్రమ్ముని రెండు చేతులతో పట్టుకుని పైకి లాగితే గాలి పీల్చినట్టు చిన్న చప్పుడై ఇరుసు మీదనుంచి విడిపోవాలి. అలా విడిపోలేదు. బురదలో దిగబడ్డ చెప్పులా సాగి, జిగురుగా, అయిష్టంగా వచ్చింది. లోపల చూస్తే గ్రీజు. పచ్చగా, చిక్కగా, సైకిలు చక్రాల బొడ్లలో కూరే గ్రీజు, వేలితో తోసి తోసి నింపిన గ్రీజు. ఒళ్ళు మండిపోయింది. ఇది ఎవరి వేలో అడగక్కర్లేదు. బాబాయి సైకిలు షాపులో ఏ వస్తువైనా కిర్రుమంటే గ్రీజే, కిర్రుమనకపోయినా గ్రీజే, తలుపు బందులకి గ్రీజు, బీరువా తాళానికి గ్రీజు. ఒకసారి నానమ్మ కళ్ళజోడు మడతలకి పెడితే, ఆవిడ పోయేదాకా చెంపల మీద నల్లటి గీతలతోనే తిరిగింది. కానీ ఇది కళ్ళజోడు కాదు కదా. దీనికి గ్రీజు పెట్టడమంటే పరుగెత్తేవాడి కాళ్ళకి బురద బూట్లు తొడగడం. పోయిన ఆదివారం తను ముట్టుకున్నప్పుడు బాగానే ఉంది, శుక్రవారం బాబాయి అడిగి తీసుకున్నాడు, ఇవాళ ఇలా వచ్చింది. గిన్నె మూతలో కిరసనాయిలు పోసింది. వాసన ముక్కుకి కొట్టింది. ఇరుసుని గుడ్డతో తుడిచింది, మళ్ళీ తుడిచింది, అయినా గాడిలో పచ్చగా నవ్వుతూనే ఉంది, అగ్గిపుల్లకి దూది చుట్టి గీకింది.

తాతయ్య ఈ రీలుని లేత్ మిషన్ మీద చేశాడు. వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు ఇనుము తరిగినవాడు, పనికిరాదని పక్కన పడేసిన అల్యూమినియం దిమ్మ ఒకటి అడిగి తీసుకుని, నలభై రోజులు మధ్యాహ్నం అన్నం టైములో సగం అన్నం తిని సగం టైము దీనికి ఇచ్చాడు. అరచెయ్యంత వెడల్పు డ్రమ్ము, బరువు తగ్గడానికి దానికి ఆరు బెజ్జాలు, తిప్పడానికి రెండు కొమ్ము పిడులు, వెనకాల ఒక పలక, మధ్యలో ఒక ఇరుసు, అంతే. పళ్ళచక్రాల్లేవు, బ్రేకు లేదు. బాబాయి కొట్లో కొన్న రీలుకైతే లోపల గడియారమంత సరంజామా ఉంటుంది, మీట నొక్కితే దారం పోతుంది, ఇంకో మీట నొక్కితే ఆగుతుంది, మనిషికి ఏమీ తెలియక్కర్లేదు. దీనికి ఉన్న బ్రేకల్లా బొటనవేలు. డ్రమ్ము అంచు మీద బొటనవేలు ఆనీ ఆననట్టు పెట్టాలి. గట్టిగా ఆనిస్తే ఆగిపోతుంది, వదిలేస్తే దారం పోయే వేగం కంటే డ్రమ్ము ఎక్కువ తిరిగి, వదులైన దారమంతా దాంట్లోనే పిచ్చుక గూడైపోతుంది. ఆ గూడు విప్పుతూ తను ఎన్ని మధ్యాహ్నాలు ఏడ్చింది! తాతయ్య ఒక్కసారి కూడా విప్పిపెట్టలేదు. "నువ్వు చుట్టిన గూడు, నువ్వే విప్పు. గుడ్లు పెట్టకముందే విప్పు," అనేవాడు. కళ్ళు మూసుకోమని డ్రమ్ముని ఒక్క తట్టు తట్టేవాడు, తనేమో చూడకుండా వేలితో దాని వేగం కనిపెట్టి, ఆయన 'ఇరవై' అంటే సరిగ్గా ఇరవయ్యో చుట్టు దగ్గర ఆపాలి. పదమూడు దగ్గర ఆపేసేది, ముప్పై దాకా పోనిచ్చేది. ఆఖరికి ఒకరోజు ఇరవై అంటే ఇరవై. ఆయన లోపలికి వెళ్ళి గాలం కర్ర తెచ్చాడు.

ఏటి దగ్గర నీళ్ళు చెప్పినట్టు డ్రమ్ము వింటుంది. నీళ్ళ మీద తేలే బెండూ, ముల్లూ కట్టి వదిలితే, బెండు పోయినంత దూరం దారం పోతుంది, దారం పోయినంత సేపు డ్రమ్ము తిరుగుతుంది, మధ్యలో ఎవరూ లాగరు, ఎవరూ తొయ్యరు, ఏరు తన దారిన పోతూ పోతూ బొటనవేలి కింద రీలుని తిప్పుతూ పోతుంది. అంత దూరాన ముప్పై బారల అవతల నీళ్ళు కొంచెం తొందరపడ్డా వేలికి తెలుస్తుంది. అప్పుడు వేలుని రవ్వంత ఆనిస్తే, బెండు వెనకాడుతుంది, కింద ఎర ముందుకి తేలి, అడుగున పడుకున్న చేప ముక్కు ముందు ఊగుతుంది. బళ్ళో టీచరు ప్రశ్న అడిగితే నోరు పెగలదు, కొట్లో ఉప్పు అడగడానికి మూడుసార్లు గొంతు సవరించుకోవాలి, ఎవరైనా కొత్తవాళ్ళొస్తే తలుపు వెనకే. కానీ ఆ బెండుకి మాత్రం తను ఏం చెప్పాలనుకుంటే అది చెప్పగలదు, అదీ ఒక్క వేలితో. "మన మూగమొద్దు చేపలతో మాత్రం బాగానే మాట్లాడుతుందే," అని బాబాయి వెక్కిరిస్తాడు. అవును, మాట్లాడుతుంది. చేపలు మధ్యలో అడ్డు రావు కదా.

కిరసనాయిలు నల్లబడింది. గుడ్డ చాలలేదు. నూనె డబ్బా అమ్మ దగ్గర ఉంది. తడి చేతులు గౌనుకి తుడుచుకుంటూ లేచింది. కుట్టుమిషన్ పక్కన ముక్కల బుట్టలో చెయ్యి పెడితే, అమ్మ తల ఎత్తకుండానే, "నూనె ఒక్క చుక్క వాడుకో, నా మిషన్‌కి కూడా కావాలి," అంది. ఒక్క చుక్కే కావాలి రీలుకి కూడా. అమ్మ ఒళ్ళోనుంచి ఎర్ర శాటిన్ గుడ్డ జారి నేలంతా పరుచుకుని ఉంది. పోటీలో గెలిచినవాడికి భుజం మీదనుంచి నడుము దాకా వేసే పట్టీ. ప్రతి ఏడూ అమ్మే కుడుతుంది. తాతయ్య గెలిచిన రెండేళ్ళూ కుట్టింది, సరిగ్గా రెండు గజాలు, తనే ఆ కొస పట్టుకుని నిలబడింది కాబట్టి బాగా గుర్తు. ఇదేమిటి, ఇంత పొడుగుంది? టేపు అక్కడే ఉంది. పని ఉన్నట్టు వంగి కొలిచింది. మూడు గజాలకి బెత్తెడు తక్కువ. అంత పట్టీ తాతయ్యకి వేస్తే కాళ్ళకి చుట్టుకుని పడిపోతాడు. బాబాయికి వేస్తే రెండు చుట్లొస్తుంది. వర్క్‌షాపు మొత్తంలో ఆ పట్టీ పట్టే పొట్ట ఒకటే ఉంది, ఫోర్‌మన్‌ది.

"అమ్మా, ఇంత పొడుగెందుకు?"

"కొలత అలా ఇచ్చారు."

"పోటీ ఇంకా మొదలవలేదు కదా."

మిషన్ ఆగింది. అమ్మ పళ్ళతో దారం తెంపింది, తెంపుతూ తన వంక చూసింది, ఆ చూపులో జాలి లేదు, అలసట ఉంది. "నోరు మూసుకుని ఉండడం నీకేం కొత్త కాదుగా. ఈ ఒక్క పూటా అలవాటు ప్రకారం ఉండు," అంది. మిషన్ మళ్ళీ గడగడలాడింది.

పేపరు ముందు కూర్చుని డ్రమ్ముని ఒళ్ళోకి తీసుకుంది. నిరుడు ప్రాక్టీసు రోజున తాతయ్య తనని పక్కన కూర్చోబెట్టుకున్నాడు, అవతల పక్కన ఫోర్‌మన్. కొత్త కర్ర, కొత్త రీలు, మడత కుర్చీ, నెత్తిమీద గొడుగు. ఆయనకి రెండు పడ్డాయి. తనకి ఏడు. ఏడోది చేతికొచ్చినప్పుడు ఒడ్డంతా కేక పెట్టింది, తను మాత్రం పెట్టలేదు, తనకేం తెలుసు, బెండు వంక చూస్తూ కూర్చుంది. ఆయన నవ్వాడు. "పిల్లకి అదృష్టం బాగుంది," అని కుర్చీ మడిచేశాడు. మర్నాటినుంచి నాన్నకి రాత్రి డ్యూటీ. వరుసగా మూడు నెలలు. పొద్దున్నే ఎర్రటి కళ్ళతో వచ్చి, పగలు కిటికీలకి దుప్పట్లు కట్టుకుని పడుకునేవాడు, చెంచా కింద పడితే అరిచేవాడు. ఎవరూ తనని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఎక్కువైంది, చెంచా కింద పడినప్పుడల్లా అందరూ తన వంకే చూసేవాళ్ళు. తాతయ్య ఒక్కడే ఆ సాయంత్రం రీలు తుడుస్తూ, "వచ్చే ఏడు మనింటి గాలం నీ చేతిలో," అన్నాడు. ఇంటికి ఒక్క గాలమే పోటీకి. పోయిన వారం పేర్లు ఇవ్వాల్సి వస్తే నాన్న బాబాయి పేరు ఇచ్చి వచ్చాడు. పిల్లకి చదువుంది అన్నాడు. ఆదివారం ఏం చదువు? అప్పుడు తాతయ్య మాట్లాడలేదు. మాట్లాడలేదంటే ఒప్పుకున్నాడని కాదు, సమయం చూసి అంటాడు, లేత్ మీద కూడా అంతే, ఊరికే తిరగనిచ్చి తిరగనిచ్చి చివరికి ఒక్క గీత పెడతాడు. వ్యాను గుమ్మం ముందు ఆగినప్పుడు, 'ఈ రీలు ఎవరు పట్టాలో చేసినవాణ్ణి నేను చెబుతాను' అంటాడు. ఈ వారమంతా తను ఆ ఒక్క మాట మీదే బతికింది.

"అయిందా లేదా?" గుమ్మంలో బాబాయి, చేతిలో ఇంకా ఆ గుడ్డే.

తను తల ఎత్తింది. "గ్రీజు ఎందుకు పెట్టావు?"

బాబాయి వెనక్కి తిరిగి చూశాడు, నాన్న అద్దం దగ్గరే ఉన్నాడని చూసుకుని లోపలికొచ్చి గొంతుక్కూర్చున్నాడు. "ఏమే, వెయ్యి సైకిళ్ళు విప్పినవాణ్ణి, ఏ ఇరుసుకి ఏది పెట్టాలో నాకు తెలీదనుకున్నావా? మీ నాన్న పెట్టమన్నాడు, పెట్టాను. అది నత్తలా తిరుగుతుంది, నాకూ దారం చిక్కు పడదు. చేపలు రావు, గొడవా రాదు. సాయంత్రం అందరం చప్పట్లు కొట్టి వచ్చేస్తాం."

"కావాలని ఓడిపోతావా?"

"కావాలనా? నేనెప్పుడైనా గెలిచానా చెప్పు! నాకది పుట్టుకతో వచ్చిన విద్య. అందుకే కదా నన్ను పంపుతోంది." నవ్వాడు. తను నవ్వలేదు. బాబాయి కూడా నవ్వు ఆపేసి, "ఊరుకోవే. మీ నాన్న మూడు నెలలు నిద్ర లేకుండా చచ్చాడు," అని మెల్లిగా లేచి వెళ్ళిపోయాడు.

చచ్చాడు. నిజమే. అదే మరీ మండిస్తోంది, అందరిదీ నిజమే, నాన్న నిద్ర నిజం, అమ్మ అలసట నిజం, బాబాయి చేతకానితనం అన్నిటికంటే నిజం. తన ఏడు చేపలు మాత్రం అదృష్టం! కోపంతో మరని చేతిలోకి తీసుకుంది. మర బిగించకుండా వదిలేస్తే? ఏటి మధ్యలో డ్రమ్ము ఊడి నీళ్ళలో పడుతుంది. ఛీ. ఆ పని చెయ్యలేదు. చెడగొట్టడం కూడా రాని చేతులు, ఇవేం చేతులు! అప్పుడు తట్టింది. చెడగొట్టక్కర్లేదు. బాగు చేస్తే చాలు. ఎంత బాగు చేస్తే బాబాయికి అంత చేటు. గ్రీజున్న రీలు ఎవడు పట్టుకున్నా ఊరుకుంటుంది, ఒక్క తట్టుకి తొంభై చుట్ల దాకా తిరిగే రీలు వేలు రానివాణ్ణి క్షమించదు. మొదటి విసురుకే ఒడ్డంతా చూస్తుండగా పిచ్చుక గూడు, గాలి ఉంటే ఆ దారం పోయి పక్కన గొడుగు కింద కూర్చున్న పెద్దాయన దారానికి చుట్టుకుంటుంది, రెండు బెండ్లూ ఒకదాన్నొకటి కావలించుకుని ఏట్లో పోతాయి. తల్చుకుంటే పళ్ళ మధ్యనుంచి నవ్వు వచ్చింది. అంతకంటే ముందు, తాతయ్య వచ్చి దీన్ని తట్టి చూస్తాడు. తెలుసుకుంటాడు.

ఇరుసుని పొడి గుడ్డతో మెరిసేదాకా తుడిచింది. నూనె డబ్బా ముక్కు ఆనించి ఒక్క చుక్క, అది ఇరుసు చుట్టూ తనంతట తనే పాకేదాకా ఆగింది, రెండో చుక్క వెయ్యలేదు. డ్రమ్ము దించితే ఈసారి గాలి పీల్చినట్టు ఆ చిన్న చప్పుడు. మర బిగించి, తర్వాత వెంట్రుకవాసి వెనక్కి వదిలింది. పాత దారం ఉంచలేదు, శుక్రవారం బాబాయి దాన్ని అంచు దాకా కుక్కాడు, అదంతా పీకేసి, కొత్త నైలాన్ దారం కొసని డ్రమ్ముకి ముడేసి, తడి గుడ్డ మధ్యనుంచి పోనిస్తూ, ఎడమచేతి రెండు వేళ్ళతో ఆ చివరికీ ఈ చివరికీ నడిపిస్తూ చుట్టింది. గట్టిగా చుడితే దారం దారంలోకి కూరుకుపోతుంది, వదులుగా చుడితే జారుతుంది. యాభై బారలు. అంచుకి ఇంకా చిటికెనవేలంత లోతు ఉండగానే ఆపింది. నిండిన డ్రమ్ము బరువు, బరువైనది ఏరు మాట వినదు. చెయ్యి అడ్డంగా పెట్టి ఒక్క తట్టు తట్టబోయి ఆగింది. తట్టాల్సింది తను కాదు.

తాతయ్య వచ్చాడు. తల ఇంకా తడిగా ఉంది, చెవి వెనక సబ్బు నురుగు. లేత్ ఎప్పుడో కొరికేసిన బొటనవేలి గోరు, రెండు చీలికలుగా పెరిగిన ఆ గోరు, తన కళ్ళ ముందుకి వచ్చి రీలుని అందుకుంది. చెవి దగ్గర పెట్టుకుని తట్టాడు. ఆరు బెజ్జాలూ కలిసిపోయి ఒక బూడిదరంగు వలయమయ్యాయి. పెదవులు కదులుతున్నాయి. ఇరవై, నలభై. ఇంట్లో మిషన్ చప్పుడు కూడా ఆగిందనిపించింది. డెబ్భై. తొంభై. బెజ్జాలు ఒక్కొక్కటే విడివిడిగా కనబడ్డాయి. నూట నాలుగు దగ్గర, ఒకసారి అటూ ఇటూ ఊగి, నిలబడింది. ఇంతకు ముందు ఎప్పుడూ నూరు దాటలేదు. తాతయ్య ముఖంలో ఒక వెలుగు వచ్చింది, వచ్చి, తన ముఖం చూడగానే కొంచెం తగ్గింది.

"ఇది మీ బాబాయి కోసం చెయ్యలేదు నువ్వు."

"తాతయ్యా, నాన్న గ్రీజు పెట్టించాడు. పట్టీ కూడా..."

"తెలుసు."

"తెలిసి ఏమీ అనలేదా?"

"ఏమంటాను? వాడికి మళ్ళీ రాత్రి డ్యూటీ పడితే నువ్వెళ్ళి చేస్తావా, నేను చేస్తానా?" కిటికీ వైపు తిరిగి గొంతు పెంచాడు. "ఒరేయ్, నీ కొట్లో కొన్న రీలు తీసుకురా. ఇది రాదు!" మళ్ళీ తనవైపు తిరిగి, రీలుని తన ఒళ్ళో పెట్టాడు, రెండు చేతులతో, పసిపిల్లని పెట్టినట్టు. "నేను చేసిన రీలు ఓడిపోవడానికి నీళ్ళలో దిగదు. అది మాత్రం జరగనివ్వను. ఇవాళ్టినుంచి ఇది నీదే, సరేనా? ఎవడికీ ఇవ్వకు."

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, గుండె పొంగింది. తర్వాత అర్థమైంది. రీలు పరువు దక్కింది. ఆయన దక్కించుకున్నది అదే.

"నేనూ వస్తాను. పట్టుకోను. ఒట్టినే చూస్తాను."

"వద్దమ్మా. నీకు నోట్లోంచి మాట రాదు గానీ, ముఖంలో అన్నీ రాసి ఉంటాయి. ఆ ఫోర్‌మన్ ఒక్కసారి నీ వంక చూస్తే చాలు."

వీధిలో వ్యాను హారను మోగింది. నాన్న, "నాన్నా, వచ్చేశారు, త్వరగా!" అని అరిచాడు, అమ్మ పట్టీ మడతలు పెట్టి కవర్లో దోపిన చప్పుడు, బాబాయి చెప్పులు. లేచి నిలబడాలనుకుంది, ఈ రీలుని ఆ గోడకేసి కొట్టాలనుకుంది, ఎందుకు నాకిది, ఈ గదిలో ఏరుందా, ఏరు లేకుండా ఇది ఎవరి మాట విని తిరగాలి, ఇరవై అంటే ఇరవై దగ్గర ఆపడం నాకెందుకు నేర్పావు, అని ఆ తడి తల మీద అరవాలనుకుంది. అన్నీ వచ్చి గొంతు దగ్గర పిచ్చుక గూడయ్యాయి. చెయ్యి మాత్రం దానంతట అది డ్రమ్ముని తట్టింది. అది తిరగడం మొదలుపెట్టింది, హాయిగా, ఎవరి మీదా కోపం లేనట్టు. ఆరు, ఏడు, ఎనిమిది.

"వ్యాను వెళ్ళేదాకా బయటికి రాకు," అన్నాడు తాతయ్య గుమ్మం దాటుతూ. ఆ తలుపు బరువైనది, వదిలేస్తే ఇల్లంతా అదిరేలా పడుతుంది. ఆయన వదల్లేదు. చీలిన గోరున్న ఆ బొటనవేలిని తలుపు అంచు మీద ఆనీ ఆననట్టు ఉంచి, తనకి నేర్పినట్టే, ఎక్కడా తొందరపడనివ్వకుండా, ఎక్కడా ఆగనివ్వకుండా, చివరిదాకా దాన్ని పట్టి పట్టి వదులుతూ, రవ్వంత చప్పుడైనా కాకుండా మూసేశాడు.